గట్టెక్కేది ఎవరు?

2014 జూన్ 27 తెల్లవారుజామున మన నగరంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, దుకాణాలు, కొబ్బరిచెట్లు నిలువునా కాలిపోయాయి. ఆ రోజే మంత్రులు వచ్చారు. గెయిల్, కేంద్రం, రాష్ట్రం కలిపి మృతుల కుటుంబాలకు పాతిక లక్షల చొప్పున పరిహారం ప్రకటించారు. ఆ తర్వాత విచారణ జరిగింది. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపారని, లోపల నీరు చేరి తుప్పు పట్టిందని తేలింది. గ్యాస్ వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్లు మొత్తుకున్నారు. పైపును చూడాల్సిన వ్యవస్థ పేలుడికి ముందు కూడా ఉంది. దానికి కార్యాలయాలున్నాయి, అధికారులున్నారు, రిజిస్టర్లున్నాయి. లేనిదల్లా వాసన వచ్చినప్పుడు వచ్చి చూసే మనిషే.

ఈ నెల మనం మాట్లాడుకోవలసింది గ్యాస్ గురించి కాదు, డబ్బు గురించి. అయితే డబ్బు విషయంలోనూ ప్రభుత్వాల తీరు ఇలాగే ఉంది. తుప్పు పడుతున్నప్పుడు ఎవరూ చూడరు. పేలాక అందరూ వస్తారు, ఏదో ఒక ప్యాకేజీ ప్రకటిస్తారు. బ్యాంకు మునిగితే ప్యాకేజీ, కంపెనీ మునిగితే ప్యాకేజీ, రైతు మునిగితే మాఫీ. ‘గట్టెక్కించాం’ అని ప్రతిసారీ ప్రకటన వస్తుంది. గట్టెక్కింది ఎవరు, ఎవరి సొమ్ముతో ఎక్కారు, ఇంకా నీళ్లలోనే ఉన్నది ఎవరు అన్న లెక్క మాత్రం ఎవరూ చెప్పరు. ఓటేసి, పన్ను కట్టి, పంట పండించే మనం ఆ లెక్క అడగాలి. ఆ లెక్కను మన సంఘం కోరిన మాఫీల నుంచే మొదలుపెడదాం.

2008 ఫిబ్రవరి 29న చిదంబరం ప్రవేశపెట్టిన బడ్జెట్లో దేశవ్యాప్త రైతు రుణమాఫీ ప్రకటించారు. ఐదెకరాల లోపు వారికి పూర్తి మాఫీ, ఆ పైవారికి మిగతాది కడితే పాతిక శాతం తగ్గింపు. చివరికి సుమారు 3.7 కోట్ల మంది రైతుల పేరున 52 వేల కోట్ల రూపాయలు ఖర్చయింది. సగటు తీస్తే మనిషికి 14 వేల రూపాయలు. ఆ డబ్బు రైతు చేతికి రాలేదు, బ్యాంకు ఖాతాలోకి వెళ్లింది. ఎప్పటికీ వసూలు కావనుకున్న బాకీలను ప్రభుత్వం బ్యాంకులకు కట్టింది. రైతు మెడ మీద నుంచి ఒక బరువు దిగిన మాట నిజమే, దాన్ని మనం తక్కువ చేయడం లేదు. అయితే ఆ సొమ్ముతో బ్యాంకు పుస్తకం కూడా శుభ్రపడింది. ఆ సంగతి ఎవరూ పైకి చెప్పలేదు.

2007 డిసెంబరు 31 నాటికి గడువు దాటిన బాకీకే ఆ మాఫీ వర్తించింది. పుస్తెలు తాకట్టు పెట్టి గడువులోగా కట్టిన వాడికి ఏమీ రాలేదు. వడ్డీ వ్యాపారి దగ్గర, ధాన్యం కమీషన్ వ్యాపారి దగ్గర, ఎరువుల కొట్టులో అరువు పెట్టిన వాడికీ ఏమీ రాలేదు. ఆ పథకాన్ని పరిశీలించిన కాగ్ 2013లో నివేదిక ఇచ్చింది. తనిఖీ చేసిన 90,576 ఖాతాల్లో 22 శాతానికి పైగా తప్పులున్నాయని చెప్పింది. అర్హత లేనివారికి ఇచ్చారు, అర్హులను వదిలేశారు, కొన్నిచోట్ల కాగితాలనే దిద్దారు. ఆ తప్పులు చేసింది రైతులు కాదు. ఖాతాలు రాసే చేతులు చేశాయి.

తర్వాత 2014 వచ్చింది. రాష్ట్ర విభజన జరిగిన ఏడాది, ఎన్నికల ఏడాది. రుణాలన్నీ మాఫీ చేస్తామని తెలుగుదేశం హామీ ఇచ్చింది. గెలిచాక కోటయ్య కమిటీ వేసింది. కుటుంబానికి లక్షన్నర పరిమితి పెట్టింది. 50 వేల లోపు బాకీలు ఒకేసారి, మిగతావి ఐదు విడతల్లో అంది. మాఫీ అయ్యేదాకా కట్టొద్దన్న మాట నమ్మి చాలామంది బ్యాంకు గడప తొక్కలేదు. ఈలోగా వడ్డీ పెరిగింది. గడువులోగా కట్టిన వారికి వచ్చే లక్ష దాకా వడ్డీ లేని రుణం, ఆ పైన మూడు లక్షల దాకా పావలా వడ్డీ పోయాయి. పాత బాకీ ఉంది గనక కొత్త అప్పు పుట్టలేదు. బాకీలు రీషెడ్యూల్ చేయమని రాష్ట్రం అడిగితే రిజర్వు బ్యాంకు కొద్ది ప్రాంతాలకు మించి ఒప్పుకోలేదు. నాలుగు, ఐదు విడతల సొమ్ము కోసం 2019 ఎన్నికల ముందు జీవో ఇచ్చారు. ఎన్నికల తర్వాత వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసింది. ఒక ప్రభుత్వం ఐదు విడతలని చెప్పి మూడే ఇచ్చింది. మరో ప్రభుత్వం మిగిలిన రెండూ తన బాకీ కాదంది. రైతు మాత్రం రెండు ప్రభుత్వాల మాట విని బ్యాంకుకు వడ్డీ కట్టాడు.

కోనసీమలో దీనికంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. మాఫీ అయిన అప్పు అసలు ఎవరిది?

మన లంకల్లో, మన ఆయకట్టులో మడి తొక్కేవాడు ఎక్కువగా కౌలు రైతే. పట్టాదారు పాసుపుస్తకం ఆసామి ఇంట్లో ఉంటుంది. పంట రుణం ఆ పుస్తకం మీద పుడుతుంది. ఆ ఆసామి ఊళ్లో ఉండవచ్చు, రాజమండ్రిలో, హైదరాబాదులో, అమెరికాలో ఉండవచ్చు. కౌలు రైతు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి నారు పోస్తాడు. సార్వా మునిగినా మక్తా ఆగదు. దాళ్వా పండినా ధాన్యం డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. ‘మాఫీ వచ్చిందా?’ అని అడిగితే, ‘ఆయ్, వచ్చిందండి, మా ఆసామి గారికి’ అంటాడు. ఆ మాటలో వెటకారం కూడా లేదు. జరిగిందే చెబుతున్నాడు.

దీన్ని సరిచేస్తామని రెండు చట్టాలు వచ్చాయి. 2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇస్తామంది. 2019 చట్టం పంట సాగుదారు హక్కు పత్రం ఇస్తామంది. అది పదకొండు నెలలు చెల్లుతుంది, దానికి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసామికి భయం. అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందేమోనని రైతుకు భయం. అన్ని భయాలూ దాటి కార్డు తెచ్చుకున్నా, అదే సర్వే నంబరు మీద ఆసామి ముందే రుణం తీసుకున్నాడని బ్యాంకు వెనక్కి పంపుతుంది. 2019లో మొదలైన పీఎం కిసాన్ ఆరు వేలు కూడా భూమి ఉన్నవాడికే. అప్పులో లేని పేరు మాఫీలో ఉండదు. పుస్తకంలో లేని పేరు సాయంలో ఉండదు.

ఇక రెండో గట్టు చూద్దాం.

2022-23తో ముగిసిన ఐదేళ్లలో వాణిజ్య బ్యాంకులు సుమారు 10.6 లక్షల కోట్ల రూపాయల మొండి బాకీలను పుస్తకాల్లోంచి రద్దు చేశాయని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అందులో దాదాపు సగం పెద్ద పరిశ్రమలు, సేవా సంస్థలవి. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. రద్దు వేరు, మాఫీ వేరు. రద్దు చేసిన బాకీని వసూలు చేసే హక్కు బ్యాంకుకు ఉంటుంది, రుణగ్రస్తుడి బాధ్యత పోదు. అది లెక్కల పద్ధతి అని బ్యాంకు అధికారులు చెప్పేది కాగితం మీద నిజం. కాని రద్దయిన దాంట్లో తిరిగి వచ్చేది కొద్ది భాగమే. ఆ లోటును పూడ్చింది ఎవరు? 2017 అక్టోబరులో ప్రభుత్వ రంగ బ్యాంకులకు 2.11 లక్షల కోట్ల మూలధనం సమకూర్చే పథకం ప్రకటించారు. అందులో 1.35 లక్షల కోట్లు ప్రభుత్వ బాండ్లు. వాటి వడ్డీ బడ్జెట్లోంచే కట్టాలి. అంటే మనం కొనే డీజిలు మీద, సబ్బు మీద, పురుగుమందు మీద పడే పన్నులోంచే.

దివాలా చట్టం 2016లో వచ్చింది. దానివల్ల కొన్ని పెద్ద బాకీలు బాగానే వసూలయ్యాయి. భూషణ్ స్టీల్ విషయంలో 56 వేల కోట్ల బాకీకి 35 వేల కోట్లు వచ్చాయి. వీడియోకాన్ కథ వేరు. 64 వేల కోట్లకు పైబడిన బాకీకి మూడు వేల కోట్ల లోపు ఇస్తామన్న ప్రతిపాదనను 2021లో ముంబయి ట్రైబ్యునల్ ఆమోదించింది. ఇది క్షవరం కాదు, గుండు గీయడమేనని ఆ ట్రైబ్యునలే తన తీర్పులో వ్యాఖ్యానించింది. తర్వాత అప్పిలేట్ ట్రైబ్యునల్ ఆ ఆమోదాన్ని పక్కన పెట్టింది. మన ఊళ్లో ఎవరైనా లక్ష బాకీకి ఐదు వేలు తీసుకుని బ్యాంకు మెట్లెక్కితే ఏం జరుగుతుందో చదువరులకు చెప్పనక్కర్లేదు. బంగారం వేలం నోటీసు పత్రికలో పడుతుంది.

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. 2008లో అమెరికా ప్రభుత్వం 70 వేల కోట్ల డాలర్ల ప్యాకేజీ ప్రకటించి బ్యాంకులను, బీమా కంపెనీలను కాపాడింది. ప్రభుత్వ సొమ్ముతో బతికిన ఏఐజీ కంపెనీ మరుసటి ఏడాదే తన ఉద్యోగులకు కోట్ల డాలర్ల బోనస్‌లు పంచింది. ఇళ్లు పోగొట్టుకున్న లక్షల కుటుంబాలకు అంత తొందరగా సాయం అందలేదు. పెద్దవాడు మునిగితే అందరూ మునుగుతారని అక్కడా చెప్పారు, ఇక్కడా చెబుతున్నారు. కొంతవరకు నిజమే. బ్యాంకు కూలితే మన డిపాజిట్లూ పోతాయి. 2020 మార్చిలో యెస్ బ్యాంకు ఖాతాదారులు 50 వేలకు మించి తీసుకోకూడదని ఆంక్ష పెట్టినప్పుడు జనం ఏటీఎంల ముందు బారులు తీరారు. స్టేట్ బ్యాంకు ముందుకొచ్చి పెట్టుబడి పెట్టాకే అది నిలబడింది. దాన్ని కాపాడటం తప్పని మేం అనడం లేదు. అంత దాకా రానిచ్చింది ఎవరని అడుగుతున్నాం.

అక్కడే నియంత్రణ సంగతి వస్తుంది.

2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ సంస్థలు ఊరూరా అప్పులిచ్చాయి. ఒకే ఆడమనిషికి నాలుగైదు సంస్థలు ఇచ్చాయి, వారం వారం వసూలు చేశాయి. ఆత్మహత్యలు జరిగాయి. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాక వసూళ్లు ఆగిపోయాయి. రిజర్వు బ్యాంకు అప్పుడు మాలెగాం కమిటీ వేసింది. ఆ సంస్థలు బ్యాంకులకు కట్టాల్సిన బాకీలను మొండి బాకీలుగా చూపకుండా పునర్వ్యవస్థీకరించుకోవచ్చని 2011 ఆరంభంలో వెసులుబాటు ఇచ్చింది. నాలుగేళ్ల తర్వాత రైతుల బాకీలు రీషెడ్యూల్ చేయమంటే అదే రిజర్వు బ్యాంకుకు నిబంధనలు గుర్తొచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

అగ్రిగోల్డ్ సంగతి కోనసీమలో తెలియని ఇల్లు తక్కువ. భూమి ఇస్తాం, లేదంటే వడ్డీతో డబ్బిస్తాం అని చెప్పి ఊళ్లో మనకు తెలిసిన కుర్రాళ్లనే ఏజెంట్లుగా పెట్టారు. పలు రాష్ట్రాల్లో 32 లక్షల మంది నుంచి ఆరు వేల కోట్లకు పైగా పోగుచేశారు. డిపాజిటర్ల రక్షణకు మన రాష్ట్రంలో 1999లోనే చట్టం ఉంది. ముంబయిలో సెబీ ఉంది, రిజర్వు బ్యాంకు ఉంది. బోర్డులు రోడ్డు పక్కనే ఉన్నాయి, ప్రకటనలు టీవీల్లో వచ్చాయి. చెల్లింపులు ఆగాక, 2015లో కేసులు మొదలయ్యాక అందరూ మేలుకున్నారు. పది వేల లోపు కట్టినవారికి 2019 నవంబరులో, ఇరవై వేల లోపు వారికి 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి ఇచ్చింది. పేదలకు ఊరట దక్కింది, మంచిదే. కాని కంపెనీ తిన్నదాన్ని జనం పన్నులతో పూడ్చడం శిక్ష కాదు, న్యాయం అంతకంటే కాదు.

ఈ సందర్భంగా చదువరులకు ఒక హెచ్చరిక. బ్యాంకు డిపాజిట్లకు ఐదు లక్షల దాకా బీమా ఉంది. 1993 నుంచి లక్షగా ఉన్న ఆ పరిమితిని 2020 ఫిబ్రవరిలో పెంచారు. మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లో దాచే డిపాజిట్లకు మాత్రం ఈ బీమా వర్తించదు. సొసైటీ లెక్కలు ఏటా ఆడిట్ అవుతున్నాయా, మహాజన సభలో చదువుతున్నారా అని సభ్యుడే అడగాలి. మన సొసైటీకి మొదటి కాపలా మనమే.

మాఫీలు రుణ క్రమశిక్షణను చెడగొడతాయని బ్యాంకర్లు అంటారు. ఈ మాటను కొట్టిపారేయకుండా ఆలోచిద్దాం. మాఫీ వస్తుందని కట్టడం మానేసినవారు మనలో లేరా? ఉన్నారు. కట్టినవాడు వెర్రివాడయ్యాడన్న బాధ ఊళ్లో లేదా? ఉంది. ఐదేళ్లకోసారి వచ్చే మాఫీ మన పార్టీలకు అలవాటైంది, మనకూ అలవాటైంది. ధర గురించి, మురుగు కాల్వల గురించి, కౌలు కార్డుల గురించి సమాధానం చెప్పక్కర్లేకుండా ఒక్క మాటతో ఓటు తీసుకునే దారి వాళ్లకు దొరికింది. ఆ దారి వేయడంలో మన సంఘాల పాత్రా ఉంది. ఎన్నికల ముందు మాఫీ ఒక్కటే అడిగి, మిగతా వాటిని రెండో పేజీకి నెట్టాం. అది మన పొరపాటు.

2011 సార్వాలో కోనసీమ రైతాంగం క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు మాఫీ ఒక్కటే అడగలేదు. గిట్టుబాటు ధర అడిగింది, కూలి ఖర్చుకు దారి చూపమంది, మునక తప్పించమంది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది, నివేదిక వచ్చింది. మళ్లీ 2022లో అవే కారణాలతో, పైగా ధాన్యం డబ్బు నెలల తరబడి రాలేదన్న కోపంతో, మన మండలాల్లో క్రాప్ హాలిడే మాట వినిపించింది. పదకొండేళ్లలో ఎన్ని ప్యాకేజీలు వచ్చినా కూనవరం, వాసలతిప్ప డ్రైన్లలో పూడిక, గుర్రపుడెక్క అలాగే ఉన్నాయి. మునిగిన చేనుకు పరిహారం ఇవ్వడం కంటే చేను మునక్కుండా కాల్వ తవ్వడం చవక. అది తెలియని ఇంజనీరు లేడు.

కాబట్టి అమలాపురం లోక్‌సభ స్థానంలో ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, గెలిచి కూర్చున్న ప్రతి సభ్యుణ్ణీ ఈ కింది విషయాల మీద నిలదీయాలని సభ్యులను కోరుతున్నాం.

ఒకటి. సాయం భూమికి కాదు, సాగుకు అందాలి. ఈ-క్రాప్‌లో నమోదైన సాగుదారునే రుణానికి, బీమాకు, పరిహారానికి, మాఫీకి రైతుగా గుర్తించాలి. ఆసామి సంతకం షరతు తీసేయాలి. కౌలు కార్డు ఇస్తే భూమి హక్కుకు ఏ భంగమూ రాదని ప్రభుత్వమే ఆసాములకు హామీ పత్రం ఇవ్వాలి.

రెండు. వ్యవసాయానికి బ్యాంకులు ఇవ్వాల్సిన 18 శాతం రుణాల లెక్కను మండలాల వారీగా బయటపెట్టాలి. ఆహార శుద్ధి కంపెనీకి 100 కోట్ల దాకా ఇచ్చిన అప్పు కూడా ఇందులోనే కలుస్తుంది. కౌలు రైతుకు ఎంత ఇచ్చారో విడిగా చూపాలి. హామీ లేకుండా రెండు లక్షల దాకా పంట రుణం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నిబంధనను ఏ శాఖలో పాటిస్తున్నారో మనకు తెలియాలి.

మూడు. మాఫీ ప్రకటిస్తే ఒకే విడతలో, ప్రకటించిన రోజు నాటి వడ్డీతో సహా ఇవ్వాలి. గడువులోగా కట్టినవారికి అందుకు తగిన ప్రోత్సాహకం ఉండాలి. అలా చేయలేని పార్టీ మాఫీ మాట ఎత్తకూడదు.

నాలుగు. కోట్లలో బాకీ రద్దయిన ప్రతి కంపెనీ పేరు, రద్దయిన మొత్తం, తర్వాత వసూలైన మొత్తం ఏటా పార్లమెంటు ముందు పెట్టాలి. రైతు పేరును నోటీసు బోర్డులో అంటించడానికి అడ్డురాని గోప్యత వారికి మాత్రం ఎందుకు?

ఐదు. డిపాజిట్లు సేకరించే ప్రతి సంస్థకు అనుమతి ఉందో లేదో గ్రామ సచివాలయంలో బోర్డు పెట్టి చెప్పాలి. ఫిర్యాదు వచ్చాక ఎన్నాళ్లకు కదిలారో అధికారి జవాబు చెప్పాలి. మోసం జరిగాక ఇచ్చే సొమ్మును ముందు ఆ సంస్థ ఆస్తుల నుంచే రాబట్టాలి.

ఆరు. ధాన్యం డబ్బు చెప్పిన గడువులో పడాలి. ఆలస్యమైతే వడ్డీ కలిపి ఇవ్వాలి. ప్రభుత్వం మనకు బాకీ పడ్డప్పుడు వడ్డీ లేదు, మనం బ్యాంకుకు బాకీ పడితే రోజుకు లెక్క. ఈ తేడా పోవాలి.

వీటిలో కొత్త పథకాలు పెట్టమనేది ఒక్కటీ లేదు. చాలావరకు ఉన్న చట్టాన్ని అమలు చేయమని, ఉన్న లెక్కను చూపమని అడుగుతున్నాం. నియంత్రణ అనే మాటను మనం నమ్మకపోవడానికి కారణం చట్టాలు లేకపోవడం కాదు, అవి చిన్నవాడి దగ్గరే పదునుగా ఉండటం. ఆదుకోవడం అనే మాటను నమ్మకపోవడానికి కారణం సాయం రాకపోవడం కాదు, వచ్చిన సాయం వేరే గడపలో దిగడం.

వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ ఆరు అంశాలూ చర్చించండి. మీ ఊళ్లో ఎంతమంది కౌలుదారులున్నారు, ఎందరికి కార్డులొచ్చాయి, ఎందరికి బ్యాంకు అప్పు పుట్టింది అని మూడు వరసలు గీసి రాసి పంపండి. ఆ కాగితాలు పట్టుకునే ఎంపీ గారి దగ్గరికీ, లీడ్ బ్యాంకు అధికారి దగ్గరికీ వెళదాం. వాసన వస్తోందని మళ్లీ మనమే ముందు చెబుతున్నాం. ఈసారి రాతపూర్వకంగా చెబుదాం, రశీదు తీసుకుందాం.